డోలీ మోసినవాళ్ళు: హైదరాబాదు మహమ్మారుల చరిత్రలో ఒక ఖాళీ

చార్మినారును 1591లో కట్టించటానికి కారణం ఊరిని పట్టి పీడించిన అంటురోగం వదిలిపోవటమేనని ఒక వాదం ఉంది. హిజ్రీ వెయ్యవ సంవత్సరానికి గుర్తుగా కట్టారని మరో వాదం. చరిత్రకారులు ఎటూ తేల్చలేదు. ఇక్కడ తేల్చవలసిన అవసరమూ లేదు. రోగం పోయినందుకు కట్టారని చెప్పే మినారును గురించి నాలుగు శతాబ్దాలుగా మాట్లాడుకుంటున్నాం కాని, రోగం ఉన్న రోజుల్లో శవాలెత్తినవాణ్ణి గురించి మన చరిత్ర పుస్తకాలు మాట్లాడవు. అప్పట్లోనే కట్టిన దారుల్ షిఫాను గురించి చెప్పేటప్పుడు కూడా అంతే. రెండంతస్తుల వైద్యశాల అనీ, నాలుగు వందల మంది రోగులకు చోటుండేదనీ, యునానీ విద్య నేర్పేవారనీ రాస్తాం. ఆ నాలుగు వందల పడకలు కడిగిన చేతులు ఎవరివన్న ప్రశ్న మనకు తట్టదు.

పాతబస్తీ బడిలో ఏళ్ళ తరబడి తెలుగు చెబుతున్నవాణ్ణి కనుక మాటల నుంచే మొదలుపెడతాను. తెలంగాణలో కలరాను గత్తర అన్నారు. రోగం చాలావరకు పోయింది, మాట తిట్లలో మిగిలింది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పెద్దవాళ్ళు ఈనాటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటీన్ అన్న మాట జనం నోట నలిగి కోరంటి అయింది. 1915లో ఈరన్నగుట్ట దగ్గర మొదలై తర్వాత నల్లకుంటకు మారిన ఆసుపత్రి అది. ఆ మాటకు ఇటలీలో పుట్టినప్పుడున్న అర్థం నలభై రోజులు. రేవుకు వచ్చిన ఓడను నలభై రోజులు దూరంగా నిలబెట్టటం. అంటే ఆ మాట మొదటి నుంచీ గోడకు ఇవతల ఉన్నవాళ్ళ భద్రతను చెప్పే మాట. గోడ దాటి లోపలికి గంజి తీసుకుపోయేవాడు, కుండ ఎత్తేవాడు ఆ మాటలో లేరు.

ఒక్క చోట మాత్రం అటువంటివాడి పేరు మిగిలింది. అది కూడా చరిత్రలో కాదు, స్థలపురాణంలో. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి కథ అందరికీ తెలిసిందే. 1813లో ఇక్కడి పటాలం ఉజ్జయినిలో ఉండగా గత్తర వచ్చిందని, సురిటి అప్పయ్య అనే అతను అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగి వచ్చాక 1815లో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడని చెబుతారు. మనం దీన్ని బోనాల కథగా వింటాం. అప్పయ్య చేసిన పనిని గమనించం. అతను పటాలంలో డోలీ మోసేవాడు.

డోలీ అంటే పెళ్ళి పల్లకీ కాదు. వెదురుకో కర్రకో గుడ్డ కట్టి, గాయపడ్డవాళ్ళనూ జబ్బుపడ్డవాళ్ళనూ మోసుకుపోయే సాధనం. ఈనాటి అంబులెన్సు అదే. గత్తర పట్టిన సిపాయిని మోయటమంటే వాంతులూ విరేచనాలూ భుజం మీదా చేతుల మీదా పడటం, ఆ చేతులతోనే అన్నం తినటం, అదే చెలమ నీళ్ళు తాగటం. కలరా నీళ్ళ ద్వారా వస్తుందని లండన్‌లో జాన్ స్నో చూపించింది 1854లో. అప్పయ్య మొక్కు నాటికి దానికింకా నలభై ఏళ్ళుంది. కనుక అప్పయ్య మొక్కును మూఢనమ్మకం కింద కొట్టివేయటం సబబు కాదనుకుంటాను. ఆనాటి సైనిక వైద్యులు కలరాకు నెత్తురు తీసేవారు, పాదరసపు మందు మింగించేవారు. ఆ వైద్యంతో పోలిస్తే మొక్కు కనీసం హాని చెయ్యలేదు. జీతమిచ్చే కంపెనీ గాని నవాబు గాని అతని ప్రాణానికి పూచీ పడలేదు. పూచీ పడమని అతను అడిగింది అమ్మవారిని.

ఇంగ్లీషువాళ్ళలో ఒక పరిహాసకథ ప్రచారంలో ఉండేది. గాయపడ్డవాళ్ళను డోలీలు ఎత్తుకుపోయాయన్న యుద్ధవార్త చదివి, డోలీలంటే ఏదో క్రూరమైన తెగ అనుకొని ఒక పెద్దమనిషి మండిపడ్డాడట. నవ్వు వచ్చే మాటే. ప్రాణం కాపాడే మనిషిని అతని భుజం మీది కర్రతో కలిపి ఒకే మాటలో మింగేసిన భాష వాళ్ళది. మన భాష మాత్రం ఏం తక్కువ? బోయీ అంటే మనకూ పల్లకీ కిందివాడే.

ఇక బేగంపేట. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. కోరంటి దవాఖానాకు తర్వాత ఆయన పేరే పెట్టారు. ఆయన శ్రమను తక్కువ చెయ్యనవసరం లేదు. ఆయన కూడా ఆ ఏడాదే ఊటీ వైపు పోయి మలేరియా తెచ్చుకున్నవాడు. కాని ఆ దోమలు ఎవరి నెత్తురు తాగాయి? హుసేన్ ఖాన్ అనే రోగి నెత్తురు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చినట్టు రాసే ఉంది. శాస్త్రవేత్త నిజాయితీగా పేరూ ధరా రాసిపెట్టాడు. ఆ పేరును పాఠ్యపుస్తకాల్లోంచి తీసివేసింది మనమే.

పాతబస్తీకి వస్తే, 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నీట మునిగింది. దాని ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మహలు తలుపులు తెరిపించాడనీ, మూసీని శాంతింపజెయ్యటానికి పూజలు చేయించాడనీ, లాల్‌దర్వాజా బోనాలకు ఆ ఏడాదికీ సంబంధముందనీ చెబుతారు. 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఇవన్నీ మన కథల్లో ఉన్నాయి. వరద తీసిన తర్వాత బురదలో ఉబ్బిన శవాలనూ పశువుల కళేబరాలనూ ఎత్తటం కూడా ఒక పనే, అది కథల్లోకి ఎక్కలేదు. ఆ పని చేసేవాళ్ళ కాళ్ళకు పుండ్లు పడతాయి, వాటిగుండా ఎలుకమూత్రంలోని క్రిమి లోపలికి పోయి కామెర్లూ జ్వరమూ తెస్తుంది. లెప్టోస్పైరోసిస్ అనే దాని పేరు అప్పటికి లేదు. ఇప్పుడు ఉంది. 2018 కేరళ వరదల్లో సహాయకులకు డాక్సీసైక్లిన్ మాత్రలు పంచారు కూడా.

వరద వచ్చిన మూడేళ్ళకు, 1911లో, నగరాన్ని ప్లేగు పట్టింది. ఆ దశాబ్దం చివర 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. 1911 జనగణనలో అయిదు లక్షలు దాటిన నగరం 1921 నాటికి నాలుగు లక్షల పైచిలుకుకు దిగింది. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు పడగొట్టి రోడ్లు వేసిందని మెచ్చుకుంటాం, మెచ్చుకోవలసిందే. కాని ప్లేగు ఎలా వస్తుందో 1911 నాటికి తెలియని సంగతి కాదు. ఎలుక మీది గోమారి మనిషికి రోగం తెస్తుందని ఫ్రెంచి వైద్యుడు సీమొన్ 1898లోనే చెప్పాడు. బొంబాయిలో పనిచేసిన ప్లేగు సంఘం కొన్నేళ్ళలో దాన్ని రుజువు చేసింది. హాఫ్‌కిన్ టీకా 1897 నుంచే ఉంది. ఆయన దాన్ని మొదట తన మీదే ప్రయోగించుకున్నాడు. చచ్చిన ఎలుక చల్లబడగానే గోమార్లు దాన్ని వదిలి వెచ్చని ఒంటిని వెతుక్కుంటాయి. ఆ సమయానికి ఎలుకను తోక పట్టి ఎత్తేవాడి పాదాలే వాటికి దగ్గర. మెహతర్‌కు కావలసింది మోకాళ్ళ దాకా బూట్లు, కాళ్ళకు పట్టీలు, ఒక సూది. అందులో శాస్త్రానికి అందనిదేదీ లేదు.

అదే శీతాకాలంలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి దాదాపు అరవై వేల మంది పోయారు. అక్కడ వు లియెన్-తె అనే యువవైద్యుడు దూదీ గాజుగుడ్డా మడిచి మాస్కు కుట్టించి, వైద్యులకూ శవాలెత్తేవారికీ కట్టించాడు. మెస్నీ అనే పెద్ద ఫ్రెంచి వైద్యుడు ఆ మాటను లెక్కచెయ్యక మాస్కు లేకుండా రోగుల దగ్గరకు పోయి 1911 జనవరిలో చనిపోయాడు. రోగి దగ్గరకు పోయేవాడి రక్షణ కూడా వైద్యంలో భాగమేనన్న ఆలోచన ఆనాటికే ప్రపంచంలో ఉందని చెప్పటానికే ఇది రాస్తున్నాను. ఆ ఆలోచన డాక్టరు దాకా వచ్చి ఆగిందా, చీపురు పట్టినవాడి దాకా పోయిందా అన్నదే వర్గప్రశ్న. మన దేశంలో అది కులప్రశ్న కూడా. పుట్టుకతోనే ఆ పనికి కేటాయించినవాడికి రక్షణ ఎందుకన్న తర్కం నవాబు దివాణంలోనూ ఉంది, రెసిడెన్సీలోనూ ఉంది, మన ఇళ్ళ వెనక సందుల్లోనూ ఉంది.

చట్టం సంగతి చూడండి. 1897లో బ్రిటిషు ఇండియా అంటువ్యాధుల చట్టం చేసింది. నాలుగే సెక్షన్లు. నాలుగవదానికి శీర్షికే ‘రక్షణ’. ఎవరికి రక్షణ? ఈ చట్టం కింద సదుద్దేశంతో చేసిన పనికి అధికారుల మీద దావా వెయ్యకూడదు, అదీ దాని సారం. కోర్టు నుంచి రక్షణ, క్రిమి నుంచి కాదు. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కోవిడ్ నిబంధనలు చేసింది ఈ చట్టం కిందే. ఆ ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, వైద్యసిబ్బంది మీద దాడి చేస్తే శిక్ష అని చేర్చింది. అది కావలసిందే. నూట ఇరవై మూడేళ్ళకు చట్టంలోకి ఆసుపత్రి మనిషి శరీరం ప్రవేశించింది, అదీ దెబ్బలు తినే శరీరంగా.

ఈ ఖాళీలో ఒక పేరు గట్టిగా చెప్పుకోవాలి. భాగ్యరెడ్డి వర్మ (1888–1939). 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టి హైదరాబాదు దళితులను సంఘటితం చేసిన మనిషి. ఆయన స్వస్తిక్ దళ్ అనే స్వచ్ఛంద సేవాదళాన్ని కూడా నడిపాడు. అంటువ్యాధుల రోజుల్లో దాని కార్యకర్తలు జనానికి సేవ చేశారు. సర్కారు చేతిలో కూలిగా శవం ఎత్తటం ఒకటి, సంఘం తరఫున స్వచ్ఛందంగా రోగిని ఆదుకోవటం మరొకటి. చెయ్యి అదే కావచ్చు, మనిషి మారాడు. ముట్టుకోకూడదని లోకం అన్న చెయ్యి, లోకం ముట్టుకోవటానికి భయపడే రోగిని ముట్టుకుంది. ఇంతకు మించిన కథావస్తువు ఏ రచయితకు దొరుకుతుంది? ఈ ఉద్యమాన్ని లోపలినుంచి చూసిన పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో దాని చరిత్ర రాశాడు. ఎం.ఏ. తెలుగు చదివిన నాకు రెండేళ్ళ చదువులో ఆ పుస్తకం పేరు ఎవరూ చెప్పలేదు.

2020 దగ్గరకు వద్దాం. జూలై 15న వానకు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి మురికినీళ్ళు వచ్చాయి. కోవిడ్ ఉధృతంగా ఉన్న రోజులవి. నర్సులూ ఆయాలూ ఆ నీళ్ళలోనే తిరిగారు. అక్టోబర్‌లో ఫలక్‌నుమా, హఫీజ్‌బాబానగర్ మునిగాయి, గుర్రం చెరువు తెగింది. పోలీసులూ, విపత్తు దళంవాళ్ళూ, బస్తీ కుర్రాళ్ళూ నడుము లోతు నీళ్ళలో ముసలివాళ్ళను వీపున వేసుకొని తెచ్చారు. అంతకుముందు మార్చిలో కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది. కోవిడ్ రోగుల సంరక్షణలో నేరుగా పాల్గొన్న ఆరోగ్య సిబ్బందికి అది వర్తిస్తుందన్నారు. రోగి ఇంటి గుమ్మంలో చెత్తసంచి ఎత్తే మనిషి రోగిని ముట్టుకోదు, రోగి విడిచిన గుడ్డను ముట్టుకుంటుంది. ‘నేరుగా’ అన్న ఆ ఒక్క క్రియావిశేషణం మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడటం వ్యాకరణం చెప్పేవాడిగా నన్ను కలవరపెట్టింది.

ఇదే నగరం టీకాల నగరం కూడా. హెపటైటిస్-బి టీకాను 1997లో ఇక్కడి శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారుచేసి ధర దించింది. ఆసుపత్రి చెత్తలో వాడిన సూది గుచ్చుకుంటే వచ్చే రోగాల్లో మొదటిది హెపటైటిస్-బి. కోవాగ్జిన్ పుట్టింది కూడా ఈ ఊరి శివార్లలోనే. 2021 జనవరి 16న దేశమంతటా కోవిడ్ టీకా మొదలైంది. ఆ రోజు తెలంగాణలో గాంధీ ఆసుపత్రిలో మొదటి సూది వేసింది ఒక పారిశుధ్య కార్మికురాలికి. తర్వాత వైద్యులూ నర్సులూ, ఫిబ్రవరిలో పోలీసులూ మునిసిపల్ కార్మికులూ.