బహిష్టు ముందటి బాధ: మందుల కథ

విజయనగరములో స్త్రీల వైద్యశాలకు ఘోషాసుపత్రి అని పేరు. స్త్రీ తన ఒంటి బాధను పరపురుషునకు, అతడు వైద్యుడైనను, చెప్పుకొనుటకు వెనుదీసిన కాలమునకు ఆ పేరు గురుతు. అట్టి రోజులలో నెలనెలా వచ్చిపోవు బాధను ఎవరు చెప్పుకొందురు?

బహిష్టుకు వారము పది దినముల ముందు కొందరు స్త్రీలకు పట్టరాని దిగులు, చిరాకు, నిద్రలేమి కలుగును. బహిష్టు మొదలైన కొలది దినములలో అవి మబ్బు విడినట్లు తొలగిపోవును. చూచువారికి అది గయ్యాళితనముగా తోచెను. మద్రాసులో కె.ఎన్. కేసరిగారు నెలకొల్పిన కేసరి కుటీరము స్త్రీల వ్యాధులకు ‘లోధ్ర’ అను ఔషధమును తయారుచేసినది. 1928లో ఆయన ‘గృహలక్ష్మి’ మాసపత్రికను కూడ స్థాపించిరి. స్త్రీల ఆరోగ్యము తెలుగునాట అచ్చులోనికి వచ్చినది గాని, ఈ బాధ ఇంకను వేరుగా గుర్తింపబడలేదు.

1931లో న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. స్త్రీ హార్మోను ఎక్కువగుటయే కారణమని తలచి, బాధ తీవ్రమైనచో అండాశయములపై ఎక్స్‌కిరణములు ప్రసరింపజేసెను. 1953లో ఇంగ్లండులో కాథరినా డాల్టన్, రేమండ్ గ్రీన్ ఇందుకు భిన్నముగా ప్రొజెస్టెరోన్ అను హార్మోను చాలకపోవుటయే కారణమనిరి. డాల్టన్ దానినే మందుగా ఏండ్ల తరబడి వాడిరి. గుణము కనిపించినదని ఎందరో నమ్మిరి. కాని 1990లో అమెరికాలో కొందరికి ప్రొజెస్టెరోన్‌ను, కొందరికి మందులేని నకలును ఇచ్చి, ఎవరికేది ఇచ్చినదియు తెలియనీయక పరీక్షింపగా, నకలు కంటె మందు మేలుగా పనిచేయలేదు.

మరి తప్పు ఎక్కడ? 1998లో అమెరికా పరిశోధకులు ఒక మందుతో అండాశయముల పని నిలిపివేయగా పలువురు రోగులకు బాధ తగ్గినది. తిరిగి హార్మోనులు ఇచ్చినప్పుడు బాధ మరలివచ్చినది. ఆరోగ్యవంతులైన స్త్రీలకు అవే హార్మోనులు ఇచ్చినను ఏమియు కాలేదు. అనగా దోషము హార్మోనుల కొలతలో లేదు. వాటి మార్పునకు మెదడు స్పందించు తీరులో ఉన్నది.

మెదడులోని సెరటోనిన్‌పై పనిచేయు ఫ్లుఆక్సెటిన్ అను మందు ఇందుకనుగుణముగా ఫలించినది. 1995లో ప్రకటించిన కెనడా పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాములు, 60 మిల్లీగ్రాములంతగా పనిచేసి, తక్కువ ఇబ్బంది కలిగించినది. 2000లో అమెరికా ప్రభుత్వము ఈ వ్యాధి తీవ్రరూపమునకు దానిని ఆమోదించినది. మనోవ్యాకులతకు వారముల తరబడి వాడిన గాని పనిచేయని ఈ జాతి మందులు, ఇక్కడ కొలది దినములలోనే పనిచేయును. బహిష్టుకు ముందు రెండు వారములు మాత్రము వాడినను పలువురికి చాలును. 2006లో డ్రోస్పిరెనోన్ గల ఒక గర్భనిరోధక మాత్రకును ఆమోదము లభించినది. ఇవి అందరికి సరిపడునవి కావు. వైద్యుని సలహా లేక వాడరాదు.

మందుకు ముందు కావలసినది ఒక నోటుపుస్తకము. రెండు నెలలు దినదినము బాధను వ్రాసుకొన్నచో, అది బహిష్టుతో ముడిపడినదో కాదో వైద్యునకు తెలియును. ఘోషా కాలమున నోట రాని మాట, నేడు ఆ పుటలపై వైద్యుని చేరవచ్చును.