కరువుసీమకు మరపడవ ఎందుకు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేవి బెల్లం మండీ, పాడుబడిన కోట, పట్టుచీర. పడవ మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన కురిసే సీమలో స్పీడుబోటు బేరం గురించి రాస్తే ఇదేదో హాస్యరచన అనుకునే మిత్రులు ఉండవచ్చు. కానీ ఈ ప్రశ్నను నేను చాలాకాలంగా మనసులో పెట్టుకున్నాను. ఎవరైనా దాతో, ఏ గ్రామసంఘమో వాడిన మరపడవ ఒకటి కొని ఈ ప్రాంతానికి తెస్తే అది పనికి వస్తుందా? దీనికి జవాబు చెప్పాలంటే ఈ నేలకు నీటితో ఉన్న సంబంధాన్నీ, ఆ యంత్రం చరిత్రనూ రెండింటినీ తిరగేయక తప్పదు.

మనది నీరు లేని సీమ అనడం సగమే నిజం. నీరు నిలవని సీమ అనడం సబబు. పెన్నా, చిత్రావతి రెండూ కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి ఇటు వస్తాయి. ఏడాదిలో అధికభాగం అవి ఇసుకదారులు. వచ్చినప్పుడు మాత్రం ఒక్క రాత్రిలో వస్తాయి. అందుకే విజయనగర కాలంలో ఈ నేలమీద నిలిచిన విద్య చెరువుల విద్య. బుక్కపట్నం, ధర్మవరం చెరువులు రెండూ చిత్రావతి నీటిమీద ఆధారపడినవే. పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అనంతరాజసాగరమనే చెరువు కట్టించిన సంగతితో పాటు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది ఏకరువు పెడుతుంది. నీటిని ఆపడం గురించి ఇంత ఆలోచించిన సమాజంలో నీటిమీద ప్రయాణం గురించిన మాట అంత గట్టిగా వినిపించదు.

అసలు పడవే లేదని కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, తుంగభద్ర దాటించే గుండ్రని బుట్టపడవలను వర్ణించాడు. లోపల బెత్తపు అల్లిక, బయట తోలు. పదిహేను ఇరవై మందిని, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటించేవట. తెడ్డు వేస్తూ ఉంటే గిరగిరా తిరుగుతూనే పోయేవట. మనవాళ్ళు పుట్టి, హరిగోలు అని పిలిచేవి ఇవే. 1565 యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు తరలివచ్చింది. కాని పక్కన తుంగభద్ర వంటి నిండు నది లేదు గనుక పుట్టికి ఇక్కడ అంతటి పని దొరకలేదు.

వరద వస్తే మరి ఏం చేశారు? అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు ముసలమ్మ అనే ఇల్లాలు ఆత్మార్పణ చేసుకున్నదని కథ. కట్టమంచి రామలింగారెడ్డి గారు 'ముసలమ్మ మరణము' కావ్యానికి వస్తువుగా తీసుకున్నది ఆ కథనే. కావ్యసౌందర్యం మాట అటుంచి, ఆ కథలోని సామాజిక సత్యం నన్ను కలవరపెడుతుంది. గండికి ఎదురుగా ఆ ఊరి చేతిలో మనిషి ప్రాణం తప్ప వేరే సాధనం లేకపోయింది.

ఇప్పుడైనా సాధనం ఉన్నదా? 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి పొంగింది. కారులో చిక్కుకున్నవారిని తేవడానికి వెళ్ళిన జేసీబీ కూడా ప్రవాహంలో నిలిచిపోయింది. చివరకు వైమానిక దళం వారి ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి 10 మందిని కాపాడింది. ఆ దళానికి చేతులెత్తి మొక్కవలసిందే. కాని హెలికాప్టర్ ఎగరడానికి ఆకాశం అనుకూలించాలి. ఎక్కడినుంచో రావాలి. అందాకా నీరు ఆగదు. జేసీబీకీ హెలికాప్టర్‌కూ మధ్య మనకు మరొక మెట్టు లేకపోవడమే నా విచారానికి మూలం.

ఇంకొక మార్పు కూడా జరిగింది. హంద్రీ-నీవా పథకం ద్వారా శ్రీశైలం నీరు 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరింది. ఆ జలాశయం నీటిని చూసుకునే ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం వెలసింది. అక్కడ 2019లో కార్ల తయారీ మొదలయింది. 2022 ఏప్రిల్ 4న ఈ మూడు పట్టణాలూ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. అంటే ఈ కరువుసీమలో నేడు పడవ నడపడానికి, నడపడం నేర్పడానికి తగిన నీరున్నది.

ఇక యంత్రం కథ. పడవ వెనుక చెక్కకు బయటినుంచి బిగించే మోటారునే అవుట్‌బోర్డు అంటారు. ఇంజను, గేర్లు, పంఖా అన్నీ ఒకే దండానికి అమరి ఉంటాయి. విప్పి భుజాన వేసుకుని పోవచ్చు. అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ 1907లో ఇటువంటి దానికి పేటెంటు పొందాడు. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో తయారుచేసిన మోటారు దాన్ని జనసామాన్యానికి చేర్చింది. దాని శక్తి ఒకటిన్నర అశ్వశక్తి మాత్రమే. వ్యాపారభారం మోసినది ఆయన భార్య బెస్. ఆ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.

వాడిన మోటారు కొనేవారు తప్పక తెలుసుకోవలసిన కథ మరొకటి ఉన్నది. 1939లో కార్ల్ కీఖేఫర్ అనే ఇంజనీరు విస్కాన్సిన్‌లో దివాళా తీసిన ఒక కర్మాగారం కొన్నాడు. అందులో కొనుగోలుదారు తిప్పిపంపిన లోపభూయిష్టమైన మోటార్లు సుమారు 300 పడి ఉన్నాయి. ఆయన వాటిని విప్పి, దోషాలు సరిదిద్ది, తిప్పిపంపినవారికే అమ్మాడు. మెర్క్యురీ మోటార్ల వంశానికి మూలం అదే. పాతది అన్నంత మాత్రాన పనికిరానిది కాదు, కాని విప్పి చూసే చేయి కావాలి అన్నది ఆ కథ సారం.

ఆ చేయి మన ప్రాంతంలో లేదనుకోవడం పొరపాటు. బోరుమోటారు విప్పి ఇంపెల్లర్ మార్చే మేస్త్రీ ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు. అవుట్‌బోర్డులో ఇంజనును చల్లబరిచే నీటిపంపులో ఉండేది కూడా ఇంపెల్లరే, అయితే ఇది రబ్బరుది. ఇసుకనీటిలో త్వరగా అరుగుతుంది. ఇంజను నడుస్తుండగా పక్కనున్న చిన్న రంధ్రం నుంచి నీటిధార స్థిరంగా రాకపోతే పంపునో, నీటిదారినో అనుమానించాలి. కింది గేర్ల పెట్టెలోని నూనె పాలవలె తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరినట్లు. సిలిండర్ల పీడనం ఒక్కొక్కటిగా కొలిచి చూడాలి. వాటిమధ్య పదిశాతానికి మించి తేడా ఉంటే బేరం వదులుకోవడం మేలు. ట్రాక్టరుకు వలెనే దీనికీ లెక్క కిలోమీటర్లలో కాదు, గంటలలో. మోటారు బిగించే వెనుక చెక్కను చిన్న సుత్తితో తట్టి చూడాలి. మెత్తని బోలు శబ్దం వస్తే పైన ఫైబరు మెరుస్తున్నా లోపలి చెక్క కుళ్ళినట్లే. సముద్రతీరం నుంచి వచ్చిన పడవ అయితే ఉప్పు తిన్న మరలను, తీగెల ముడులను మరింత పరీక్షించాలి.

అయితే అసలు నిర్ణయం వీటికంటె ముందే జరగాలి. అధికశక్తి గల పందెపు మోటారు చవకగా వచ్చినా మనం కొనరాదని నా అభిప్రాయం. అది నిమిషానికి 5000, 6000 చుట్లు తిరిగినప్పుడే తన బలం చూపుతుంది. వరదనీటిలో కంచెలు, తుమ్మచెట్లు, బండరాళ్ళు మునిగి ఉంటాయి. అక్కడ వేగం పంఖాను విరగ్గొడుతుంది, లేచిన అల మట్టిగోడలను కూల్చుతుంది. మనకు కావలసినది అడుగు చదునుగా ఉండి, 25 నుంచి 40 అశ్వశక్తి మోటారుతో నిదానంగా, పదిమంది బరువుతో కదిలే పడవ. అదైనా పొంగిన చిత్రావతి నడిప్రవాహానికి ఎదురొడ్డేది కాదు. చెరువు తెగి నీట మునిగిన కాలనీలకు మాత్రం అది ప్రాణాధారం.

పడవ ఉన్నంత మాత్రాన రక్ష దొరకదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగిన పడవలో 77 మంది ఉన్నారు. దానిని అక్టోబరు 22న పైకి తెచ్చినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం, అనుభవంతో వచ్చిన విద్యతో. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. వాడిన పడవ కొనేవారు రిజిస్ట్రేషను కాగితాలు తమ పేరిటికి మార్చుకోవడం, మనిషికొక లైఫ్‌జాకెట్ ఉంచడం బేరంలో భాగంగా భావించాలి.

కాబట్టి నా జవాబు ఇది. పడవ కొనవచ్చు. కాని డబ్బు పోగుచేయడానికి ముందు ఇద్దరు మనుషులను వెతకాలి. ఒకరు మోటారు విప్పగల మేస్త్రీ, మరొకరు నెలకొకసారి అనుమతి తీసుకుని దానిని నీటిలో దించి నడిపే ఓర్పు గలవారు. ఏడేళ్ళు షెడ్డులో నిద్రపోయిన మోటారు వరద వచ్చిన రాత్రి లేవదు. ఆ ఇద్దరూ దొరకని ఊరికి, ఎంత చవకైనా, పడవ దండగే. దొరికిన ఊరు ముసలమ్మ కథను ఇక కథగానే చదువుకోవచ్చు.