ఆడవాళ్ళ ద్వీపం, పేర్లు లేని ఆడవాళ్ళు

మెక్సికో దేశంలో, కాంకున్ నగరానికి ఎదురుగా, కరీబియన్ సముద్రంలో ఒక బుల్లి ద్వీపం ఉంది. పొడుగు ఏడు కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరు కూడా లేదు. పేరు ఈస్లా ముహేరెస్. స్పానిష్‌లో ఈస్లా అంటే ద్వీపం, ముహేరెస్ అంటే ఆడవాళ్ళు. "అక్కడ మగాళ్ళు ఉండరా ఏంటి?" అన్నారు మావారు, నేను ఈ సంగతి చెప్పగానే. మీరూ అదే అనుకుని ఉంటారు. ఉంటారండీ, శుభ్రంగా ఉంటారు. ఆ పేరు వెనక కథ వేరు.

1517లో ఫ్రాన్సిస్కో హెర్నాండెస్ దె కోర్డొబా అనే స్పెయిన్ ఆయన క్యూబా నుంచి ఓడల మీద ఈ వైపు వచ్చాడు. దిగి చూస్తే ఈ ద్వీపంలో గుడి ఉంది, గుడిలో అన్నీ ఆడ దేవతల బొమ్మలు. నడుము నుంచి కిందికి బట్ట కట్టి, గుండెల మీద కప్పి, అక్కడి ఆడవాళ్ళు కట్టుకున్నట్టే అలంకరించి ఉన్నాయిట. అది చూసి ఆడవాళ్ళ ద్వీపం అని పేరు పెట్టి వెళ్ళిపోయారు. ఆ దేవతల పేర్లు కూడా రాసి ఉన్నాయి: ఈష్‌చెల్, ఈష్‌చెబెలియాష్, ఈష్‌హునియె, ఈష్‌హునియెతా. మాయా భాషలో ఆడవాళ్ళ పేర్ల ముందు 'ఈష్' అని వస్తుంది. నలుగురు అక్కచెల్లెళ్ళ పేర్లలా లేవూ?

ఈ సంగతులు రాసిపెట్టింది దియేగో దె లాండా అనే పాద్రీ. 1562 జూలైలో మాని అనే ఊళ్ళో మాయా వాళ్ళ పుస్తకాలు కుప్ప పోయించి తగలబెట్టించింది కూడా ఆయనే. ఆ జాతి పుస్తకాలు ఈ రోజుకి ప్రపంచం మొత్తం మీద నాలుగే మిగిలాయి. వాళ్ళ గురించి ఏం తెలుసుకోవాలన్నా మళ్ళీ ఆ లాండా రాసిందే చదవాల్సి వస్తుంది. నాకు ఈ మనిషి మీద ఎంత కోపమో చెప్పలేను, కానీ ఆయన లేకపోతే ఈ వ్యాసమూ లేదు.

మేం వెళ్ళింది మా పెళ్ళిరోజుకి, డల్లాస్‌లో అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు. అమెరికా వీసా చేతిలో ఉంటే మనవాళ్ళకి మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. దిగింది కోసుమెల్ అనే ఇంకో ద్వీపంలో. ఇది పెద్దది, దాదాపు యాభై కిలోమీటర్ల పొడుగు. మాయా భాషలో వానకోవెల పిట్టల చోటు అని అర్థం. మావారికి కావలసింది సముద్రం అడుగున పగడాల దిబ్బలు, రంగురంగుల చేపలు. నాకు కావలసింది ఈష్‌చెల్. అయిదు రోజులు పంచుకున్నాం. ఆయన మాస్కు పెట్టుకుని నీళ్ళలో తేలుతుంటే నేను ఒడ్డున గొడుగు కింద చదువుకున్నాను. నేను గుళ్ళకి వెళ్తుంటే ఆయన నీళ్ళ సీసాలు మోశారు.

ఈష్‌చెల్ పురుళ్ళ తల్లి. మందులూ మాకులూ ఆవిడవే, నేతా ఆవిడదే. ప్రసవించే ఆవిడ మంచం కింద మంత్రసాని ఈష్‌చెల్ బొమ్మ పెట్టేదని లాండా రాశాడు. రాయడం ఎగతాళిగానే రాశాడు. అదే లాండా, క్రైస్తవులు జెరూసలేముకీ రోముకీ ఎలా యాత్ర వెళ్తారో ఈ జనం కోసుమెల్‌కి అలా వెళ్ళేవాళ్ళని కూడా ఒప్పుకున్నాడు. దూర దూరాల నుంచి నడిచి ఒడ్డుకి చేరి, అక్కడి నుంచి చెట్టు మాను తొలిచిన పడవల్లో ఇరవై కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. మధ్యలో ప్రవాహం బలంగా ఉంటుంది. ఇంజను ఫెర్రీ ఎక్కి ఆ నీళ్ళు దాటిన ముప్పావు గంటకే నాకు కడుపులో తిప్పేసింది. అలాంటిది, ఒక కానుపు చల్లగా జరగాలనో, అసలు కడుపు పండాలనో తెడ్డు పడవలో వచ్చేవాళ్ళు ఆ ఆడవాళ్ళు.

నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళు ఆవిడ మొక్కని దేవుడు లేడు. రావిచెట్టుకి ప్రదక్షిణాలు, కొమ్మకి గుడ్డ ఉయ్యాలలు, తడిబట్టలతో పొర్లుదండాలు. అన్ని ఊళ్ళూ తిరిగింది పెద్దమ్మ ఒక్కర్తే. పెదనాన్న ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు, ఏ చెట్టు చుట్టూ తిరగలేదు. ఎవరూ వెళ్ళమని అడగనూ లేదు. కోసుమెల్ పడవల్లో వచ్చిన వాళ్ళలో ఎంతమంది మా పెద్దమ్మలున్నారో మరి.

ఆ గుడి ఉన్న చోటుని ఇప్పుడు సాన్ హెర్వాసియో అంటున్నారు. బీచి వైపు కాదు, ద్వీపం మధ్యలో అడవిలోకి టాక్సీలో వెళ్ళాలి. పెద్ద పిరమిడ్లేమీ ఉండవు, చూసినవాళ్ళు "ఇంతేనా" అంటారు. అన్నీ సున్నపురాతి అరుగులు, మొండి గోడలు, వాటి మీద ఎండ కాగుతూ ఉడుములంత తొండలు. దోమలు మాత్రం దండిగా ఉంటాయి, నిండు చేతుల బట్టలు వేసుకోండి. మధ్యలో తెల్లరాయి పరిచిన పాత దారి, దాని మీద ఒక రాతి తోరణం. యాత్రకి వచ్చినవాళ్ళు నడిచిన దారి అదే. ఒక చిన్న కట్టడం ఉంది, 'మనీతాస్' అంటారు, చిట్టి చేతులు అని. గోడ మీద ఎర్ర రంగుతో అరచేతుల ముద్రలు. వెలిసిపోయాయి గానీ వేళ్ళు వేళ్ళుగా తెలుస్తున్నాయి. ఎవరివో ఎవరికీ తెలియదు. నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. మావారు ఏమీ అనకుండా చెట్టు నీడన కూర్చున్నారు, ఆ మాత్రం తెలుసు ఆయనకి.

కోసుమెల్ చరిత్ర చదువుతుంటే నాకొక సంగతి తట్టింది. మగవాళ్ళందరికీ పేర్లున్నాయి, ఓడ సరంగులకి కూడా. ఆడవాళ్ళు కథలో వస్తారు, పని చేస్తారు, పోతారు. పేరుండదు.

1518లో హువాన్ దె గ్రిహాల్వా అనేవాడు ఇక్కడ దిగాడు. అప్పుడు వాళ్ళకి ఎదురొచ్చిన వాళ్ళలో జమైకా భాష మాట్లాడే ఒకావిడ ఉందని బెర్నాల్ దియాస్ అనే సిపాయి తన పుస్తకంలో రాశాడు. రెండేళ్ళ కిందట భర్తతో, ఇంకొందరితో కలిసి పెద్ద పడవలో చేపల వేటకి బయల్దేరితే ప్రవాహం లాక్కొచ్చి ఈ ఒడ్డున పడేసిందట. భర్తనీ మిగతావాళ్ళనీ ఇక్కడి వాళ్ళు బలి ఇచ్చేశారు. ఆవిడ ఒక్కర్తే మిగిలింది. గ్రిహాల్వా ఆవిడనే ఊళ్ళోవాళ్ళ దగ్గరికి రాయబారం పంపాడు. తర్వాత ఆవిడ ఆ ఓడలోనే వెళ్ళిపోయింది. అంతే, ఇంకేం లేదు. పరాయి ఊళ్ళో రెండేళ్ళు ఎలా బతికింది, ఎవరింట్లో తిన్నది, వెళ్ళిపోతుంటే ఏడ్చిందా సంతోషించిందా, ఆయన రాయలేదు.

మరుసటి ఏడు 1519లో ఎర్నాన్ కోర్తెస్ వచ్చాడు. ఈయన కోసుమెల్ గుళ్ళో విగ్రహాలు మెట్ల మీది నుంచి దొర్లించేసి, ఆ చోట శిలువ పాతి మేరీమాత బొమ్మ పెట్టించాడు. ఒక అమ్మని దించి ఇంకో అమ్మని కూర్చోబెట్టారన్నమాట. పాత అమ్మ దగ్గరికి వచ్చే జనం ఆ కొత్త అమ్మకి ఏం చెప్పుకున్నారో!

కోర్తెస్‌కి ఇక్కడే తెలిసింది, 1511లో ఓడ పగిలి మాయా వాళ్ళ చేతికి చిక్కిన ఇద్దరు స్పెయిన్ మనుషులు బతికి ఉన్నారని. వాళ్ళలో అగిలార్ పరిగెత్తుకుంటూ వచ్చి కలిశాడు. రెండోవాడు గొన్సాలో గెర్రెరో రానన్నాడు. అప్పటికే చెవులు కుట్టించుకుని, ముఖం మీద పచ్చబొట్లు పొడిపించుకుని, మాయా అమ్మాయిని పెళ్ళాడి ముగ్గురు పిల్లల తండ్రి అయ్యాడు. అగిలార్ వెళ్ళి బతిమాలుతుంటే గెర్రెరో భార్య కోపంతో లేచి, మా ఆయన్ని పిలవడానికి నువ్వెవరు, పోవయ్యా అని కసిరిందని ఆ సిపాయే రాశాడు. చదివి నేను చప్పట్లు కొట్టాను. ఆ రోజుల్లో అంతమంది రాజులూ నాయకులూ ఓడలు చూసి వణుకుతుంటే, సంసారం నిలబెట్టుకోవడానికి గొంతెత్తిన మనిషి ఆవిడ. ఆవిడ పేరు కూడా పుస్తకంలో లేదు. తర్వాత కాలంలో కథలు చెప్పేవాళ్ళు ఒక పేరు కల్పించి పెట్టుకున్నారు.

పేరు మిగిలిన వాళ్ళ పరిస్థితి ఏమన్నా బాగుందా అంటే అదీ లేదు. కోసుమెల్ నుంచి కోర్తెస్ తబాస్కో వైపు వెళ్ళి అక్కడ యుద్ధం గెలిచాడు. ఓడినవాళ్ళు కానుకగా ఇరవైమంది ఆడవాళ్ళని ఇచ్చారు, బంగారమూ బట్టలతో పాటు. వాళ్ళలో ఒక అమ్మాయి మలింట్సిన్. తండ్రి చనిపోయాక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని, కొడుకు పుట్టగానే ఈ పిల్లని ఎవరికో ఇచ్చేసిందని బెర్నాల్ దియాస్ చెప్తాడు. అటు చేతులు ఇటు చేతులు మారి కోర్తెస్ దగ్గరికి చేరింది. ఈ పిల్లకి మాయా భాష వచ్చు, అజ్‌టెక్‌ల నావాట్ల్ భాషా వచ్చు. ఆమె నావాట్ల్ విని మాయాలో చెప్తే, అగిలార్ మాయా విని స్పానిష్‌లో చెప్పేవాడు. తర్వాత ఆమె స్పానిష్ కూడా నేర్చేసుకుంది. కోర్తెస్ వల్ల మార్టిన్ అనే కొడుకు పుట్టాడు. 1528లో ఆ పసివాణ్ణి తండ్రి స్పెయిన్‌కి తీసుకుపోయాడు. తల్లి ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

ఈ రోజుకీ మెక్సికోలో సొంతవాళ్ళని కాదని పరాయిదాని వెంటపడే వాళ్ళని 'మలించిస్తా' అని తిడతారు. ఆమె పేరే తిట్టయిపోయింది! కన్నతల్లి ఇచ్చేసింది, ఊళ్ళో పెద్దలు ఇచ్చేశారు, అందరూ ఇచ్చేసిన పిల్ల ఎవరికి ద్రోహం చేసిందో నాకు అర్థం కాదు. కోర్తెస్‌తో కలిసి యుద్ధం చేసిన ట్లాస్కలా వాళ్ళు వేలమంది మగవాళ్ళున్నారు, వాళ్ళలో ఒక్కరి పేరుతోనైనా ఇంతగా చెలామణీ అయ్యే తిట్టుందా?

చిచెన్ ఇట్సా కూడా వెళ్ళాం. ఫెర్రీ దాటి, మళ్ళీ రెండున్నర గంటలు బస్సు. ఎండలో పెద్ద పిరమిడ్ చుట్టూ తిరిగి ఫోటోలు దిగాం, దాని గురించి అందరూ రాస్తారు, నేను రాయను. అక్కడి లోతైన బావి దగ్గర మాత్రం గైడు, కన్నెపిల్లలని బలి ఇచ్చి ఇందులో తోసేవారు అని గొంతు తగ్గించి చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు. కానీ ఆ బావి అడుగున దొరికిన ఎముకల్లో మగవాళ్ళవీ ఉన్నాయి, చిన్నపిల్లలవి చాలా ఉన్నాయి. ఆ దగ్గర్లోనే ఇంకో గోతిలో దొరికిన అరవై నాలుగు మంది పిల్లల ఎముకలకి డీఎన్ఏ పరీక్ష చేసి 2024లో ఫలితం ప్రకటించారు. అందరూ మగపిల్లలే, కవలలు కూడా ఉన్నారు. వాళ్ళ తల్లుల గురించి ఎవరూ గొంతు తగ్గించి చెప్పరు. కథకి కన్నెపిల్లే కావాలి.

తిరిగొచ్చేటప్పుడు మార్కెట్లో ఎండుమిరపకాయల గుట్టలు, పక్కనే బంతిపూలు. ఎక్కడున్నానో ఒక్క క్షణం మర్చిపోయాను. మన ఆవకాయకి ప్రాణమైన మిరపా, గుమ్మానికి కట్టే బంతీ, బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చే ఆ బంతే, రెండూ ఈ దేశంలో పుట్టినవే. అయిదు వందల ఏళ్ళ కిందట ఓడలెక్కి వచ్చాయి. అక్కడి వాళ్ళు నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ళ కోసం ఇంట్లో బంతిపూలు పేరుస్తారు, ఆ వాసన పట్టుకుని దారి తెలుసుకుని వస్తారని.

స్పెయిన్ వాళ్ళు తెచ్చిన మశూచి 1520ల్లో కోసుమెల్‌ని ఊడ్చేసింది. ఆ శతాబ్దం సగం దాటేసరికి కొన్ని వందలమంది మిగిలారు, తర్వాత వాళ్ళూ లేరు. ఇంచుమించు పాడుపడిపోయింది ద్వీపం. 1847లో ప్రధాన భూమి మీద మాయా రైతులు తిరగబడ్డారు. ఆ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలతో మరుసటి ఏడు నుంచి మళ్ళీ ఇక్కడ పొయ్యిలు వెలిగాయి.

ఆ తిరుగుబాటులోనే నాకు వెతుకుతున్నది దొరికింది. తులుమ్ అని సముద్రపు గట్టు మీద రాతి కోట ఉంటుంది, అందరూ నీలం నీళ్ళ ఫోటో కోసం వెళ్తారు. 1870ల్లో అక్కడ మాయా తిరుగుబాటుదార్లకి మాట్లాడే శిలువ ఒకటి ఉండేది. దాని తరఫున జనానికి ఆజ్ఞలు చెప్పింది ఒక ఆడమనిషి. 1871లో ప్రభుత్వ సైన్యం తులుమ్ మీదికి వచ్చినా ఆవిడ చిక్కలేదు. తులుమ్ రాణి అనేవారు. పేరు మరియా ఉయికాబ్. ఇంటిపేరుతో సహా ఉంది! మావారు నీలం నీళ్ళని ఫోటో తీస్తుంటే నేను ఆ పేరుని మూడుసార్లు పైకే అనుకున్నాను, మర్చిపోకుండా.

ఇంకో సంగతి ఉంది. ఫెర్రీ ఎక్కే ఒడ్డుకి కాస్త దక్షిణంగా ష్కారెట్ అనే చోటుంది, పూర్వం దాని పేరు పోలె. ఈష్‌చెల్ యాత్రకి పడవలెక్కే రేవు అదే. 2007 నుంచి ఏటా వేసవి మొదట్లో అక్కడి వాళ్ళు ఆ పాత యాత్రని మళ్ళీ చేస్తున్నారు. చెక్క పడవలు, తెడ్లు, ఇంజను ఉండదు. నెలల తరబడి సాధన చేసిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ తెల్లవారుజామున ఆ రేవులో పడవలెక్కి కోసుమెల్ వైపు తెడ్లు వేస్తారు.