డాబీ మేకు, బోర్డు పిన్ను

సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను సాంచా అంటాం. నేను పెరుగుతున్నన్నాళ్లూ మా నాయిన నడిపిన సాంచాల మీద తెల్లటి పాలిస్టర్ బట్టే నేసేవారు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చాక అంచుకు డిజైను కావలసి వచ్చింది. సాంచాలకు డాబీలు బిగించారు.

కీగ్లీ డాబీ అనే రకం 1867లో ఇంగ్లండ్‌లోని కీగ్లీలో పుట్టింది. రంధ్రాలున్న కొయ్య పట్టీలను గొలుసుగా కట్టి తిప్పుతారు. పట్టీకి రెండు వరసలు, వరసకో పేక. రంధ్రంలో మేకు ఉంటే దానికి సంబంధించిన పడుగు పోగులు లేస్తాయి, లేకుంటే కిందే ఉంటాయి. ఎనిమిది పట్టీలు తిరిగితే పదహారు పేకలు. పదిహేడో పేకకు మళ్లీ మొదటి పట్టీయే.

ఒకసారి అంచు మీది పువ్వులో ఒక రేకు విరిగి కనిపించింది. అందరూ దారం మార్చబోతే నాయిన వేలితో బట్టను కొలిచాడు. ప్రతి పదహారు పేకలకూ అదే విరుపు. "దారంది అయితే గింత లెక్కగ రాదు బిడ్డా. మేకు తప్పు పడ్డది."

నాయినది సాంచా పని, నాది లినక్స్ కెర్నెల్ డ్రైవర్లు రాసే పని. ఏఎం335ఎక్స్ చిప్పులో చాలా పిన్నులకు ఒకే పని కాదు, పనికొకటి చొప్పున 0 నుంచి 7 దాకా మోడ్‌లుంటాయి. ఒకప్పుడు ఏ పిన్ను ఏ పని చెయ్యాలో బోర్డుకో ఫైలు చొప్పున లినక్స్ కెర్నెల్‌లోనే రాసేవారు. ఇలాంటి ఆర్మ్ చిప్పుల కోడు పేరుకుపోవడం చూసి 2011లో లినక్స్ మూలకర్త లైనస్ టోర్వాల్డ్స్ అందరి ముందే కోప్పడ్డాడు. పిన్నుల పనులను ఒక్కచోట చూసుకునేలా లైనస్ వాలేయ్ రాసిన పిన్‌కంట్రోల్ 2012 జనవరిలో 3.2 కెర్నెల్‌తో వచ్చింది. తర్వాత పిన్నుల పట్టిక బోర్డును వర్ణించే డివైస్ ట్రీ ఫైలులోకి చేరింది. డ్రైవరును ముట్టుకోకుండా పట్టికను దిద్దొచ్చు. మగ్గం విప్పకుండా నేత మార్చే వీలు డాబీ కల్పించినట్టే. నాకు ఈ పనిలో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

మా బోర్డు మీద ఒక సెన్సర్ పలకలేదు. రెండు రోజులు డ్రైవరునే తిరగేశాను. ఎన్నిసార్లు బూట్ చేసినా సరిగ్గా అక్కడే టైమౌట్. అంత లెక్కగా వస్తుంటే నాయిన వేలు గుర్తొచ్చింది. పిన్‌కంట్రోల్ డీబగ్ ఫైలు తెరిచాను. సెన్సర్ తగిలించిన ఐ2సీ క్లాక్ పిన్ను మోడ్ 3లో ఉండాలి. 7లో, అంటే మామూలు జీపీఐఓగా ఉంది. పట్టికలో ఆ అంకె నేనే తప్పు వేశాను. దిద్ది బూట్ చేస్తే సెన్సర్ జవాబిచ్చింది.

ఆ రాత్రి ఫోన్‌లో చెబితే నాయిన అంతా విని, "ఎన్నో పట్టీల ఉండె?" అని అడిగాడు.