శబ్దమార్గ శోధనము

మంజీరా పరీవాహక ప్రదేశమున, తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు నాలుగును ఒకే సంతలో వినవచ్చు సీమలో నారాయణఖేడ్ పట్టణ మున్నది. హైదరాబాదు సంస్థానకాలమున ఈ తాలూకా బీదరు జిల్లాకు చెందియుండెను. 1956 నవంబరు 1వ తేదీన భాషల ననుసరించి రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు బీదరు పట్టణము మైసూరు రాష్ట్రమునకు పోగా, నారాయణఖేడ్ తాలూకా మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. 2016 అక్టోబరు 11 మొదలు సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లాలు మారినను జనుల నాలుకలు మారలేదు. కావుననే ఇట్టి సీమలో మాటలాడు యంత్రము ఇల్లు చేరిన నాటినుండి, అది పలుకుచున్నదా అను ప్రశ్నతోపాటు ఏ భాషలో పలుకుచున్నది అను ప్రశ్నయు పుట్టుచునే యున్నది.

సంస్థానమున ఆ యంత్రము మొదట రేడియో. 1930 దశకమున హైదరాబాదులో వెలసిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసిపోయెను. ఆ కాలపు వాల్వు రేడియో మూగవోయినచో బాగుచేయువాడు తోచిన భాగమునెల్ల విప్పెడివాడు కాడు. వాల్వులలో తంతువు ఎఱ్ఱగా వెలుగుచున్నదో లేదో చూచి, పిదప వాల్యూము కంట్రోలు నడిమికొసను స్క్రూడ్రైవరు మొనతో తాకెడివాడు. స్పీకరు గుర్రుమన్నచో అచ్చటినుండి స్పీకరు దాకా మార్గము నిర్దోషమనియు, లోపము ఏరియలు వైపున నున్నదనియు తేలిపోయెడిది. గుర్రుమననిచో వెదుకవలసినది స్పీకరు వైపు భాగమును. ధ్వని నడచు త్రోవను రెండుగా ఖండించి, నిర్దోషమైన సగమును విడిచి, తక్కిన సగమును మరల ఖండించుటయే ఈ విద్యకు ప్రాణము. తరువాత వచ్చిన యంత్రము లన్నింటికిని ఈ సూత్రమే మూలమయ్యెను.

భాషావిషయమున గొప్ప ప్రయోగము 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు జరిగెను. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహముద్వారా భారతదేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములు నేరుగా అందినవి. ఆంధ్రప్రదేశము, కర్ణాటకము ఆ ఆరింటిలోనివే. హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ ఇందులకై టీవీలను నిర్మించెను; తీగెవలతో అల్లిన పెద్ద గొడుగువంటి యాంటెనాలు పల్లెలలో నెలకొన్నవి. ఒకే బొమ్మకు రెండు ధ్వనిమార్గములు జోడించు వీలు ఆ ప్రసారమున నుండెను. అందుచే ఒకే దృశ్యమును తెలుగువారు తెలుగుతోను, కన్నడిగులు కన్నడముతోను చూచుటకు అవకాశము కలిగెను. సరిహద్దు ప్రజల అవసరము నింత చక్కగా గుర్తించిన ఏర్పాటు మరియొకటి అరుదు.

పిదప టేపురికార్డరు వచ్చెను. పాట మందగించి సాగినచో బెల్టు వదులైనదనియు, మబ్బుపట్టినట్లు మసకగా వినవచ్చినచో హెడ్డుకు మట్టి పట్టినదనియు నాడు అందరును ఎరిగియుండిరి. స్పిరిటులో ముంచిన దూదితో హెడ్డును తుడిచినపుడు దూదికి అంటెడి గోధుమరంగు పొడి, టేపునుండి రాలిన అయస్కాంత పూతయే.

ఇక ఇంటి కంప్యూటరునందు ధ్వనిమార్గము రెండు లోకములలో నడచును: సగము తీగెలలో, సగము ప్రోగ్రాములలో. విండోసును మరల ఎక్కించిన పిమ్మట బొమ్మ వచ్చి శబ్దము రాకపోవుట ఒకనాడు ప్రతి వీథిలోను కనిపించిన వ్యాధి. మదర్‌బోర్డుతో ఇచ్చిన సీడీనుండి సౌండు డ్రైవరును వేసినచో అది కుదురుకొనెడిది. స్పీకరు పిన్ను సామాన్యముగా ఆకుపచ్చ రంధ్రమున నుండవలెను, గులాబిరంగుది మైకునకు. పిన్ను పూర్తిగా దూరక, లోపల గ్రౌండు (భూతంతువు) తగులనిచో ఒక విచిత్రము జరుగును: పాటలో వాద్యములు వినబడును గాని గాయకుని కంఠము మాయమగును. ఎడమ కుడి మార్గములలో సమానముగా నున్న కంఠధ్వని పరస్పరము రద్దగుటయే దీనికి హేతువు. దీనిని పాట దోషమని తలంచి ఫైలును తీసివేయుట కంటె, పిన్నును గట్టిగా నొక్కి చూచుట మేలు. టీవీకి హెచ్‌డీఎంఐ తీగె తగిలించినపుడు ధ్వని టీవీవైపు మరలిపోవుటయు కద్దు. అప్పుడు సౌండు సెట్టింగులలో మరల స్పీకర్లను ఎన్నుకొనవలెను.

తీగెలన్నియు సవ్యముగా నుండియు ఒక్క సినిమా మాత్రమే పలుకనిచో లోపము కొడెక్‌లో నుండును. అనగా ఆ ఫైలులో కుదించియుంచిన ధ్వనిని విప్పగల ఉపకరణము ప్లేయరునకు లేదన్నమాట. పారిసులోని ఒక కళాశాల విద్యార్థుల కృషినుండి పుట్టి, 2001లో అందరికి స్వేచ్ఛగా విడుదలయిన వీఎల్‌సీ ప్లేయరు, కొడెక్కులను తనలోనే ఇముడ్చుకొని ఈ బాధను చాలవరకు తీర్చినది. అందులోనే ఆడియో ట్రాక్ అను ఎంపిక యున్నది. సినిమా హిందీలో పలికినదని చెడిపోయినట్లు భావింపక అచ్చట చూచినచో, పెక్కు ఫైళ్లలో తెలుగు ట్రాకు వేచియుండును. 1975లో ఉపగ్రహము మోసిన ఆ రెండు గొంతుకల ఏర్పాటే నేడు ప్రతి ఇంటి బల్లమీద నున్నది.

ఈ విద్య నింతకాలము కాపాడినవారు అంగళ్లలో సోల్డరింగు ఐరను పట్టిన మెకానిక్కులు. వారు నేర్చినది గురుముఖమున, చేతులతో; తెలుగున వ్రాతలోనికి వచ్చినది స్వల్పము. వాల్వులను స్పృశించిన తరము ఒక్కొక్కరుగా తప్పుకొనుచున్న ఈ కాలమున, వారి శోధనక్రమమును సరళమైన తెలుగులో పుస్తకరూపమున పెట్టి, పట్టణ గ్రంథాలయములలోను పాఠశాలలలోను అందుబాటులో నుంచవలసిన బాధ్యత మనది. కారణమును క్రమముగా వెదకుట నేర్చిన బాలునికి అది కంప్యూటరువద్ద మాత్రమే గాక బ్రతుకంతయు పనికివచ్చును.