సుంకరి లెక్క, వెలగపండ్ల లెక్క: రేఖీయ సమీకరణాల పాత దారి

తెలియని రాశులు రెండుంటే, వాటి విలువ తేలడానికి రెండు సమీకరణాలు కావాలి. ఒక రాశిని తప్పించి రెండోదాన్ని రాబట్టే ఈ పని నేడు పదో తరగతిలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ అనే పాఠం. దక్షిణాదిలో దీనికి వెయ్యేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ముఖ్యమైన గ్రంథం మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహం’.

మహావీరుడు జైన పండితుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని (814–878) కాలంవాడు. గ్రంథారంభంలో ఆ రాజును కొనియాడాడు. రచనాకాలం సుమారు 850. రాష్ట్రకూటుల ప్రాబల్యం తెలుగు సీమ అంచులకూ చేరింది: నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఆమడగూరు, పెనుకొండ, హిందూపురం ప్రాంతం తెలుగూ కన్నడమూ కలిసే సీమ. మడకశిర వైపు ఉన్న హేమావతి రాజధానిగా ఏలిన నొలంబ రాజులు ఒక దశలో రాష్ట్రకూటులకు సామంతులు. సంస్కృతంలో రాసిన ఈ గణితం ఇలాంటి సరిహద్దు సీమలను కలుపుకున్న ఆ రాజ్యంలో పుట్టింది.

మహావీరుడికి ముందే దారి పడింది. ఆర్యభటుడు 499 నాటి ‘ఆర్యభటీయం’లో ఒక సూత్రం చెప్పాడు. కొన్ని రాశులున్నాయి, ఒక్కొక్క రాశిని విడిచిపెట్టి మిగిలినవాటి మొత్తం ఎంతో తెలుసు. ఆ మొత్తాలన్నీ కూడి, రాశుల సంఖ్యకు ఒకటి తక్కువతో భాగిస్తే అన్ని రాశుల మొత్తం వస్తుంది. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’లో తెలియని రాశులను వర్ణాలుగా వ్యవహరించి, వాటిని ఒక్కొక్కటిగా తొలగించే విధానాన్ని చెప్పాడు.

ఈ సూత్రాలను మహావీరుడు వ్యాపారుల మధ్యకు తెచ్చాడు. ఆయన ఇచ్చిన ఒక లెక్కలో నలుగురు వర్తకులు కలిసి పెట్టుబడి పెట్టి సరుకు కొన్నారు. సరుకు విలువ ఎంతని సుంకరి ఒక్కొక్కరినీ విడిగా అడిగాడు. ప్రతివాడూ తన వాటా మినహాయించి చెప్పాడు: మొదటివాడు 22, రెండోవాడు 23, మూడోవాడు 24, నాలుగోవాడు 27. ఎవరి వాటా ఎంత? నాలుగు జవాబులూ కూడితే 96. ఇందులో ప్రతి వాటా మూడుసార్లు లెక్కకొచ్చింది కాబట్టి 3తో భాగిస్తే అసలు విలువ 32. దాంట్లోంచి ఒక్కొక్కరి జవాబు తీసివేస్తే వాటాలు 10, 9, 8, 5. నాలుగు తెలియని రాశులు, నాలుగు సమీకరణాలు. సాధించడానికి కావలసింది ఒక కూడిక, ఒక భాగహారం, నాలుగు తీసివేతలు.

రెండో లెక్క పండ్లది. 9 మాదీఫలాలూ 7 వెలగపండ్లూ కలిపి ధర 107. 7 మాదీఫలాలూ 9 వెలగపండ్లూ కలిపి 101. ఒక్కో పండు ధరెంత? పెద్ద ధరను పెద్ద సంఖ్యతో, చిన్న ధరను చిన్న సంఖ్యతో గుణించి తేడా తీయమంటాడు మహావీరుడు: 963 నుంచి 707 పోతే 256. దీన్ని రెండు సంఖ్యల వర్గాల తేడాతో, అంటే 81 నుంచి 49 తీసివేయగా మిగిలే 32తో, భాగిస్తే మాదీఫలం ధర 8. గుణకాలను తారుమారు చేస్తే 909 నుంచి 749 పోగా 160. 32తో భాగిస్తే వెలగపండు ధర 5.

ఆ 32ను నేటి గణితం నిర్ధారకం అంటుంది. 1750లో స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు క్రామర్ ప్రకటించిన సూత్రాన్ని ఈ పండ్లకు వర్తింపజేసినా ఇదే భాగహారం వస్తుంది. రెండు సంఖ్యలూ సమానమైతే వర్గాల తేడా సున్నా; అప్పుడు విడి ధరలు తేలవు. లెక్క కుదరాలంటే 9, 7 వేర్వేరు సంఖ్యలు కావలసిందే.

చైనాలో ఈ విద్య ఇంకా పాతది. ‘తొమ్మిది అధ్యాయాల గణితం’ ఎనిమిదో అధ్యాయంలో ధాన్యపు లెక్కలను గణన పుల్లలతో, గుణకాలను వరుసల్లో పేర్చి సాధించారు. 263లో లియూ హుయ్ దానికి వ్యాఖ్య రాశాడు. భారతదేశంలో భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో ‘బీజగణితం’లో యావత్తావత్తు, కాలకం, నీలకం, పీతకం అంటూ తెలియని రాశులకు పేర్లు పెట్టి విధానాన్ని స్థిరపరిచాడు.

మహావీరుని గ్రంథం తెలుగులోకీ వచ్చింది. 11వ శతాబ్దివాడని ప్రసిద్ధి పొందిన పావులూరి మల్లన దాన్ని ‘సారసంగ్రహ గణితం’ పేరుతో పద్యాల్లో తెనిగించాడు. జైన ప్రస్తావనల చోట శివపరమైనవి చేర్చాడు. తెలుగులో తొలి శాస్త్రగ్రంథాల్లో ఒకటిగా దీన్ని ఎంచుతారు; ‘పావులూరి గణితం’ అనే పేరు జనంలో నిలిచింది. మూలాన్ని 1912లో ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదంతో మద్రాసులో ప్రచురించాక, మహావీరుని లెక్కలు ప్రపంచ గణిత చరిత్రకారుల చేతికందాయి.

నేటి పాఠ్యపుస్తకం రాశులను అక్షరాలతో రాస్తుంది. పాత గ్రంథాలు పద్యాల్లో చెప్పాయి. గుణకాలను సరిచేసి, ఒక రాశిని తప్పించి, మిగిలినదాన్ని భాగించి తేల్చే క్రమం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.