పక్షవాతం తర్వాత చెయ్యి, కాలు బిగుసుకుపోతున్నాయా? బలంగా లాగొద్దు.. ఇంట్లో చేయాల్సినవి, మందుల విషయంలో జాగ్రత్తలు ఇవే

పక్షవాతం వచ్చింది. ప్రాణాపాయం తప్పి ఇంటికొచ్చారు. మొదట్లో చెయ్యి పట్టు లేకుండా మెత్తగా వేలాడింది. కొన్ని వారాలు గడిచాక మోచెయ్యి మడుచుకుంటోంది, పిడికిలి బిగుసుకుంటోంది, పాదం కిందికి వంగిపోతోంది. బలం వస్తోందని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. తర్వాత చొక్కా తొడగబోతే చెయ్యి చాపడానికి రాదు. అర్ధరాత్రి కాలు ఒక్కసారిగా పట్టేసి మనిషి అరుస్తూ లేస్తాడు. అప్పుడు మొదలవుతాయి.. గట్టి మాలిష్‌లు, ఇటుక కాపడాలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన మాత్రలు.

ఈ బిగుతునే డాక్టర్లు స్పాస్టిసిటీ అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఇది వస్తుంది. వెన్నుపాముకు దెబ్బ తగిలినవాళ్లలో, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కూడా కనిపిస్తుంది.

అసలు లోపం కండరంలో లేదు. కండరం సాగగానే బిగుసుకోమని వెన్నుపాము సంకేతం పంపుతుంది. అది శ్రుతి మించకుండా పైనుంచి మెదడు బ్రేక్ వేస్తుంది. మెదడు నుంచి వచ్చే ఆ దారి దెబ్బతింటే బ్రేక్ పోయినట్టే. అందుకే చేతిని ఎంత వేగంగా లాగితే అది అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. నెమ్మదిగా చాపితే అదే చెయ్యి చాలావరకు వస్తుంది. ఇంట్లో సాయం చేసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

ఇంట్లో ఏం చేయాలి?

రోజుకు కనీసం రెండుసార్లు సాగదీయాలి. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు, మోకాలు, మడమ.. ఒక్కోదాన్నీ మెల్లగా చాపి, వచ్చినంత వరకే ఆపి, అర నిమిషం నుంచి నిమిషం పట్టుకోవాలి. ఊపుతూ కుదుపులు ఇవ్వకూడదు. పిడికిలి తెరుచుకోకపోతే వేళ్లతో కుస్తీ పట్టొద్దు. ముందు మణికట్టును అరచేతి వైపు వంచితే వేళ్లు వాటంతటవే కాస్త వదులవుతాయి. అప్పుడు బొటనవేలిని దాని మొదట్లో పట్టుకుని బయటికి తీయాలి. అరచెయ్యి కడిగి తడి లేకుండా తుడవడం, గోళ్లు కత్తిరించడం ఆ సమయంలోనే పూర్తి చేసుకోవచ్చు. ముడుచుకున్న పిడికిలిలో చెమట పట్టి చర్మం పాసిపోవడం, గోళ్లు గుచ్చుకుని పుండ్లు పడటం ఇళ్లలో ఎవరూ గమనించని సమస్య.

చాలా ఇళ్లలో రోగి చేతికి ఓ రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటారు. ఇప్పటికే మడుచుకుపోతున్న వేళ్లకు మళ్లీ మడవడమే నేర్పించినట్టు అవుతుందని ఫిజియోథెరపిస్టులు చాలామంది వద్దంటారు. దాని బదులు వేళ్లు చాపే వ్యాయామం అడిగి తెలుసుకోవాలి. పడుకున్నప్పుడు చేతి కింద దిండు పెట్టాలి. మంచం మీద నుంచి లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగడం, చంకల్లో చేతులు పెట్టి ఎత్తడం అస్సలు వద్దు. పట్టు లేని భుజం కీలు జారిపోతుంది. ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

కాపడం మంచిదే. గోరువెచ్చని నీటి స్నానం, వెచ్చని తడి టవల్ 15 నిమిషాలు పెడితే కండరం కొంచెంసేపు వదులవుతుంది. ఆ వెంటనే సాగదీస్తే సులువు. కానీ పక్షవాతం వచ్చిన వైపు స్పర్శ తగ్గి ఉండొచ్చు. కాల్చిన ఇటుక, ఉప్పు మూట, కాగిన నూనె పెడితే చర్మం కాలుతున్నా రోగికి తెలియదు. బొబ్బలొచ్చాకే బయటపడుతుంది. వేడిని ముందు మీ చేతి మీద చూసుకోండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకు మాత్రం వేడి తగిలితే నీరసం పెరుగుతుంది, వాళ్లకు కాపడం వద్దు. నువ్వుల నూనెతో తేలికగా మర్దన చేస్తే హాయిగానే ఉంటుంది. పావురం రక్తం రాస్తే చెయ్యి వచ్చేస్తుందన్న మాటలో మాత్రం నిజం లేదు.

ఉన్నట్టుండి బిగుతు పెరిగిందా?

నిన్నటిదాకా బాగానే ఉండి ఈరోజు కాలు కొయ్యబారిందంటే, మాత్ర డోసు పెంచే ముందు ఒళ్లంతా ఓసారి చూడాలి. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మూసుకుపోయిన యూరిన్ గొట్టం, నడుము కింద మొదలైన పుండు, కాలి బొటనవేలులోకి పెరిగిన గోరు, చివరికి బిగుతైన చెప్పు కూడా కారణం కావొచ్చు. రోగికి ఆ నొప్పి తెలియకపోయినా వెన్నుపాముకు తెలుస్తుంది. అది తొలగిస్తే బిగుతు దానంతటదే తగ్గిన సందర్భాలు ఎన్నో.

మందుల సంగతి

ఎక్కువగా రాసేది బాక్లోఫెన్. 1962లో మూర్ఛ కోసం తయారు చేసిన మందు ఇది. మూర్ఛకు పెద్దగా పనికిరాలేదు గానీ కండరాల బిగుతుకు పనికొచ్చింది. తక్కువ డోసుతో, సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మత్తు, నీరసం ఉంటాయి. ఆ మత్తు చూసి భయపడో, ఊరెళ్లినప్పుడు షీట్ అయిపోయిందనో ఇంట్లోవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తుంటారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. హఠాత్తుగా ఆపితే ఫిట్స్, లేనివి కనిపించడం, తీవ్ర జ్వరం, ముందుకన్నా ఎక్కువ బిగుతు రావొచ్చు. మానాలంటే డాక్టర్ చెప్పినట్టు రోజులు, వారాల మీద తగ్గించుకుంటూ రావాలి. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి. ఈ మందు ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది.

రెండోది టిజానిడిన్. బీపీ పడిపోవచ్చు, లివర్ పరీక్షలు చేయించుకోవాలి. దీన్ని వాడుతున్నవాళ్లు సిప్రోఫ్లోక్సాసిన్ వేసుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అనగానే షాపులో చేతిలో పెట్టే మాత్రల్లో అదొకటి. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. వీటిలో ఏ మందు మీదా మద్యం తాగకూడదు.

నొప్పి తట్టుకోలేక రోజూ డైక్లోఫెనాక్ వేసుకునేవాళ్లూ ఉన్నారు. నొప్పి మాత్ర బిగుతును వదిలించదు. పైగా పక్షవాతం వచ్చినవాళ్లు చాలామంది రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటారు. వాటితో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. తప్పనిసరైతే పారాసిటమాల్ ఎంత వేసుకోవాలో డాక్టర్‌ను అడగాలి.

ఒళ్లంతా కాకుండా ఒక చెయ్యో, ఒక పాదమో బిగుసుకుంటే బొటాక్స్ ఇంజెక్షన్ మేలని న్యూరాలజిస్టులు చెబుతారు. అందం కోసం వాడేదే ఇది కూడా. కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో పట్టు వదులుతుంది, సుమారు మూడు నెలలు ఉంటుంది. ఆ మూడు నెలలూ ఫిజియోథెరపీ చేయిస్తేనే పెట్టిన ఖర్చుకు ఫలితం.

బిగుతు పూర్తిగా పోగొట్టాలని అందరికీ అనుకోకూడదు. కొందరు బిగుసుకున్న ఆ కాలి మీదే నిలబడి నాలుగడుగులు వేస్తుంటారు. డోసు ఎక్కువై కాలు మెత్తబడితే బాత్రూంలో కూలబడతారు. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు 'బిగుతు తగ్గించండి' అని మాత్రమే చెప్పొద్దు. చొక్కా వేయడం కష్టమవుతోందా, రాత్రి నిద్ర పట్టడం లేదా, నడకలో పాదం ఈడుస్తోందా.. ఏది ఇబ్బందో చెబితే మందు దాన్నిబట్టి రాస్తారు. ఇక మూతి వంకర పోవడం, మాట తడబడటం, కొత్తగా చెయ్యి పడిపోవడం కనిపిస్తే మాత్రం అది బిగుతు కాదు. కాపడాలు పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.